బ్రేక్ జర్నీ

డైనింగ్ టేబుల్ మీద ఐరోపా పరిచి ఉంది.
ఫ్యాను గాలికి లేవకుండా
ఒక మూల పులుసు గిన్నె, ఒక మూల కళ్ళజోడు పెట్టె.
కిటికీ అవతల మర్రిపాలెం లైను మీద
ఇనప రాయి బండి ఒకటి గంట నుంచీ
కదలాలా వద్దా అని ఆలోచిస్తోంది.
మేమూ అంతే.

"పాసు తీసేద్దుం," అంటాడు పైడిరాజు.
ముప్పై నాలుగేళ్ళు గూడ్సు గార్డు.
బండి చివర్న కూర్చుని
దాటిపోయిన ఊళ్ళనే చూసిన మనిషి.
"నచ్చిన కాడ దిగిపోదుం. నచ్చాపోతే మళ్ళీ ఎక్కుదుం.
ఎవుడడుగుతాడు?"

నేనడుగుతాను.
వాల్తేరు బుకింగ్ ఆఫీసు, నాలుగో కిటికీ.
ఇరవై తొమ్మిదేళ్ళు
చిల్లర ఇవ్వని వాళ్ళని కసిరిన నోరు ఇది.
నోటు పుస్తకం మధ్యలో గీత గీశాను.
ఎడమ పక్క పాసు, కుడి పక్క టిక్కెట్లు.
రోము నుంచి ఫ్లోరెన్సు,
ఫ్లోరెన్సు నుంచి వెనిస్,
వెనిస్ నుంచి కొండలు దాటి జ్యూరిక్,
అక్కణ్ణించి పారిస్.
ఎన్ని వేళ్ళు మడిచినా నాలుగే నాలుగు ఎక్కడాలు.
నెలల ముందు కొనుక్కుంటే సగానికి సగం మిగులు.
పాసున్నా, జోరు బళ్ళకి సీటు డబ్బులు వేరే.

"పాసుంటే బెర్తున్నట్టు కాదని
నీకు నేను చెప్పాలా?"

నవ్వేశాడు.
పెళ్ళైన కొత్తలో బల్లార్షా దాకా
బాత్రూము పక్కన, ట్రంకు పెట్టె మీద
ఒకరి తర్వాత ఒకరం కూర్చున్న రాత్రి
ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

"మరి ముందే కొన్నది మారదు కదా.
జొరమొస్తేనో?"
రాసుకున్నాను.
"వానొస్తేనో?"
రాసుకున్నాను.
"ఒక ఊరు మరీ నచ్చేస్తేనో?"

దానికి నా పుస్తకంలో గడి లేదు.

అప్పుడు చెప్పాడు, ఇన్నాళ్ళూ చెప్పనిది.
అరకు దాటాక, శిమిలిగుడ దగ్గర,
సిగ్నలు పడక రెండు గంటలు ఆగిందట బండి.
కార్తీక మాసం ఎండ.
బ్రేక్ వ్యానుకి నలభై అడుగుల్లో
కొండంతా వలిసె పూలు.
ఒక పిల్ల నడుముదాకా ఆ పసుపులో మునిగి
మేక కోసం కేకలేస్తోందట.
"దిగి నాలుగడుగులేస్తే అందీది.
దిగలేదు. డ్యూటీ గదా.
ఎర్ర జెండా పట్టుకుని అలగే సూస్తా కూకున్నాను."

ఏడాదికి మూడు పాసులు వచ్చేవి మాకు.
సెలవు దొరక్క, చార్టు నిండిపోయి,
పరీక్షలని, పొలం పనులని, ఎవరో పోయారని
గడువు దాటిన కాగితాలు ఇంకా బీరువాలో
నాఫ్తలిన్ ఉండల వాసనతో ఉన్నాయి.
వాటి మీద మేం వెళ్ళని ఊళ్ళన్నీ
నీలం సిరాతో స్పష్టంగా ఉన్నాయి.

లెక్క మాత్రం మారలేదు.
ఎన్నిసార్లు కూడినా కుడి పక్కే చవక.

నేను మూడు టిక్కెట్లకి టిక్కు పెట్టాను.
వెనిస్ నుంచి జ్యూరిక్ వరసలో
అంకె వెయ్యకుండా వదిలేశాను.
"ఇదేటి, మర్సిపోనావా?"
"లేదు. ఇది అక్కడ కొందాం."
"రేటు మూడింతలుంటాది."
"ఉండనీ."

ఇన్నేళ్ళూ కిటికీ లోపల కూర్చున్నదాన్ని.
ఒక్కసారి బయట నిలబడి,
లైన్లో ముందున్నావిణ్ణి తోసుకోకుండా ఓపిగ్గా నిలబడి,
వంగి, కన్నంలోంచి డబ్బు పెట్టి
"రెండు" అనాలని ఉంది.
ఎక్కడికి అని వాళ్ళడిగినప్పుడు
వెంటనే చెప్పకూడదని కూడా ఉంది.

బయట ఇనప రాయి బండి ఒక్క కుదుపు కుదిపి
హార్బరు వైపు కదిలింది.
గిన్నెలోంచి పులుసు చుక్క తొణికి
ఆస్ట్రియా మీద పడింది.
ఆస్ట్రియా మా లెక్కలో ఎక్కడా లేదు.
కొంగుతో తుడవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఉండనీయే. ఆడేటుందో."