గేలాల కొట్టు లెక్క

ముందు ముందు ఏటౌతాదని నన్నడిగితే
నాకు సముద్రం తెలీదు బాబూ, నేనొడ్డునుంటాను.
హార్బరు గేటు పక్కన కొట్టు:
గేలాలూ, తంగుసూ, సీసం గుళ్ళూ.

నెంబరు పెరిగేకొద్దీ గేలం చిన్నది.
మా నాన్న ఖాతా పుస్తకం నిండా రెండో, మూడో.
నా దాంట్లో ఎనిమిది, పది,
మొన్న పన్నెండు.
జోస్యానికి ఇంతకన్నా ఏం కావాలి?

మైలపల్లి దానయ్య ఫోన్లో పటం చూపించి
ఇకమీదట చేపెక్కడుందో ఇదే చెప్తుందన్నాడు.
చెప్పింది.
నూట ఎనభై పడవలూ అక్కడికే వెళ్ళాయి.

నీళ్ళు కాగి కోనెం ఒడిశా వైపు పోతుందంటాడు సోములు.
ఎక్కడికీ పోదు, హోటలు ఫ్రిజ్జులోకి పోతుంది,
నా తట్టలోకే రాదంటుంది వాళ్ళావిడ కాసులమ్మ.

తెడ్డు పరసన్న ఏమీ అనడు.
సింహాచలం కొండ మొననీ చర్చి శిలువనీ
ఒక వరసలో పెట్టుకుని
పారు మీద లంగరేసేవాడు.
ఆ వరసలోకిప్పుడు ఇరవై అంతస్తుల మేడొచ్చింది.
"పదిహేడో అంతస్తులో ఎవలో
రోజూ ఎర్ర దుప్పటి ఆరేత్తారు.
ఇప్పుడదే నా గురుతు."

నిన్న, వేట నిషేధం ఆఖరి రోజు,
రెండో నెంబరు గేలం కావాలన్నాడు. ఒకటే.
అటక మీది డబ్బాలో మూడున్నాయి, తుప్పు పట్టి.
నయంగా ఉన్నదాన్ని ఇసకకాగితంతో రుద్దిచ్చాను.
నేనడగలేదు, ఆయనివ్వలేదు.

ఖాతాలో రాశాను:
రెండో నెంబరు, ఒకటి.
తేదీ వెయ్యడం మర్చిపోయాను.
పొద్దున చూస్తే
నాన్న రాతలాగుంది.