ఒక పంక్తి తక్కువ

టార్టూలో, ఎమయొగి నది ఒడ్డు అచ్చాఫీసులో
ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి.
లోకాన్ని నేను చదివిందంతా తలకిందులుగా,
అద్దంలోలా, వెనక నుంచి ముందుకి.

విజ్ఞాన సర్వస్వం అంటే ఏంటి తాతా
అని మొన్న ఐలి అడిగింది.
కడవలో కడలి అందామనుకుని
నోటిదాకా వచ్చింది మింగేశాను.
నాకు తెలిసి అదొక కొలబద్ద.
నదికి తొమ్మిది పంక్తులు, పుట్టగొడుక్కి ఆరు.
గెలిచిన రాజుకి నలభై, ఓడినవాడికి పద్నాలుగు.
ఎలుగుబంటికి, బొమ్మతో కలిపి, ఇరవై.
అంతకు మించి ఒక్క ఊపిరి తీసుకోవాలన్నా
పక్కవాడి దాంట్లోంచే.

ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో
అక్షరాల వరుస చెబుతుంది.
దానికి పక్షపాతం లేదు. జాలీ లేదు.
మా భాషలో లెయిబ్ అంటే నల్లటి రై రొట్టె.
చివరి అక్షరం పీకి ఇంకోటి గుచ్చితే
లెయిద్, దొరికిన వస్తువు.
మళ్లీ మారిస్తే లెయిల్,
కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరి.
ఇంకోసారి, లెయిన్.
పోయినవాళ్ల కోసం పడే శోకం.
రై గింజంత సీసం ముక్క తేడా.
నలుగురూ ఒకే పేజీలో ఇరుగుపొరుగు.

ఆనందమనే మాట మాత్రం
నెత్తిన గుర్తులు మోసే అక్షరాలతో ఆఖరి సంపుటంలో ఉంటుంది.
దాని వెనకే ఉరుము, రాత్రి, ఒంటరితనం,
సరిగ్గా అదే వరుసలో.
ఏడాదికొకటి చొప్పున చందా కట్టినవాళ్లలో
కొందరు అక్కడిదాకా రాలేదు.
పోస్టులో తిరిగొచ్చిన అట్టపెట్టెలు
మా మెట్ల కింద పేర్చి ఉండేవి.

ఐదో సంపుటం మీతా పిహ్లక్‌ది.
పై అంతస్తు, చెప్పుల డబ్బాల నిండా కార్డులు,
నీలం పెన్సిలు బాణాలు:
రొట్టె. చూడు: రై.
రై. చూడు: పొలం.
పొలం. చూడు: కరువు.
కరువు. చూడు: రొట్టె.
ఊరంతా తిరిగి బయల్దేరిన గుమ్మానికే.
శోకం కింద ఒక్క ముక్క రాసింది,
చూడు: ఖనన ఆచారాలు.
ఆ చలికాలమే వాళ్లమ్మ పోయింది.

రొట్టె చివర ఆమె పెట్టిన వాక్యం ఇది:
కొన్ని ఇళ్లలో పిండిముద్ద నడుమ
బొటనవేలు నొక్కి పొయ్యిలో పెడతారు.
ప్రధాన సంపాదకుడు ఎర్రగీత కొట్టి
అంచున రాశాడు: ఆధారం?
ఆధారం మంచు కింద పడుకుని ఉంది.
కార్డు మీద ఎలా రాస్తుంది?

పేజీలు బిగించే రాత్రి
రొట్టె కాలమ్ అడుగున ఖాళీ తేలింది.
ఒక పంక్తి తక్కువ.
వదులుగా వదిలేస్తే ఎత్తేటప్పుడు
అక్షరాలన్నీ నేలపాలు.
మెట్లెక్కి అడిగాను,
నలభై అక్షరాలు కావాలి, తెల్లారేలోపు.
ఆమె తలెత్తలేదు.
సొరుగు లాగి, ఎర్రగీత ఉన్న చీటీనే
నా చేతిలో పెట్టింది.
అసలు మాట మిగిలేదాకా కుదించి లెక్కపెట్టాను. నలభై ఒకటి.
మాటల మధ్య ఎడం సన్నం చేసి సర్దాను.
వడ్డించేవాడు మనవాడైతే
కడపంక్తి అయితేనేం.

సంపాదకుడు చూడనే లేదు.
రొట్టె గురించి తెలియంది ఏముందని?

తర్వాతెప్పుడో అది బడిపుస్తకంలోకి పాకింది.
అక్కణ్ణుంచి మ్యూజియం గోడ మీదకి,
'ప్రాచీన ఆచారం' అనే పేరుతో.
కింద చిన్న అక్షరాల్లో
ఆధారం: ఐదో సంపుటం.
మీతా ఏ ఊరికి మారిందో,
ఆఖరి సంపుటం అందిందో లేదో
అడగాల్సిన రోజుల్లో అడగలేదు.

నిన్న ఐలి పిండిముద్ద మీద
బొటనవేలు నొక్కింది. బళ్లో చెప్పారట.
ఎందుకు నవ్వుతున్నావు తాతా అంది.
పొయ్యిలోంచి తీశాక
ఆ గుంటలో వెన్న కరిగి నిలిచింది.
తిరగేసి చదివే పాడు అలవాటు నాది,
నాకది ఎత్తుగా కనిపించింది.