మంద్రస్థాయి

పోర్టోలో ఆ ఇంటి గోడలు మూరెడు మందం, బూడిదరంగు రాయి.
మేడమీద రూటరు.
నేలమాళిగలో, వైను పీపాల పక్కన, ప్రింటరు.
మంగళవారం నుంచీ బెల్మీరో
ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు, దిగుతూనే ఉన్నాడు.

శుక్రవారం రాత్రికి బృందగానం. ఇరవైరెండు స్వరపత్రాలు కావాలి.
"ప్రింటరు కనబడలేదు" అంటుంది తెర.
కనబడకపోవడమేమిటి,
ఇదిగో, చేత్తో తడుముతున్నాగా!

ఎదురింటి ఇరేనియా వచ్చింది, పిండి చేతులు తుడుచుకుంటూ.
"మాస్టారూ, మీ రూటరుకి రెండు గొంతులు.
ఐదు గిగాహెర్ట్జ్‌ది తారస్థాయి. గబగబా పాడేస్తుంది,
గోడ అడ్డొస్తే ఊపిరి చాలదు.
రెండు పాయింటు నాలుగుది మంద్రం.
నిదానమే గానీ రాతిని దాటి వస్తుంది.
మీ ముసలి ప్రింటరుకి వినబడేది అదొక్కటే."

ఆయన నవ్వాడు.
నలభై ఏళ్ళుగా బేసు గొంతుల్ని
వెనక వరసకి నెట్టినవాడు.

"ఇంకోటి. కరెంటు పోయొచ్చినప్పుడల్లా
రూటరు కొత్త నంబర్లు పంచుతుంది.
మీ కంప్యూటరేమో ఇంకా పాతింటి తలుపే కొడుతోంది.
దీనికో నంబరు ఖాయం చేశాను, రాసుకోండి."
చివర నలభై ఏడు.
సున్నంగోడ మీదే రాసేశాడు పెన్సిలుతో.

మిణుకుమనే పచ్చదీపం నిలిచింది.
మూడ్రోజుల మొర ఒక్కసారే విన్నట్టు
ప్రింటరు కాగితాలు కక్కసాగింది:
అదే పాట, అదే పాట, అదే పాట,
నడుమ, బుధవారం కోపంలో పంపిన పేజీ:
"ఇక నావల్ల కాదు. రాజీనామా."

ఇరేనియా చూసిందో లేదో.
ఆయన ఆ కాగితం తిరగేసి
తెల్లవైపున, ఎవరు ఎక్కడ నిలబడాలో రాసుకుంటున్నాడు.
ముందు వరస, బేసు.

నీలం ఇంకు అయిపోవస్తోందట.
తెర మీద అప్పుడే మరో ఫిర్యాదు.