గది చప్పుడు

గురువారం రాత్రి ఆఖరి ఆట వదిలాక
నా దుకాణంలో ఇంకో ఆట మొదలవుతుంది.
ఒతారు కాలువ మీంచి వచ్చే చలిని
గుమ్మం దగ్గరే దులుపుకుని
ముగ్గురూ అవే మూడు పీటల మీద కూర్చుంటారు.
కుండలో ముల్లంగి ఉడికిందో లేదో
నేను పుల్లతో గుచ్చి చూస్తుంటాను.
వాళ్ళు చచ్చిపోయిన దర్శకుల్ని గుచ్చి చూస్తుంటారు.

తెర వెనక గిన్నెలు తోమేది మా చెల్లెలు మినెకో.
తొమ్మిదేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.
కారణం అడక్కండి,
చెబితే ముల్లంగి ముక్కంత కూడా ఉండదు.

తపాలా ఆఫీసు ఇవాబుచి గారికి తోకుమసు అంటే ప్రాణం.
"ఆయన కెమెరా ఎవరి వెంటా పరిగెత్తదండీ.
పలకరింపుకొచ్చిన చుట్టంలా చాప మీద కూర్చుంటుంది.
ఇంట్లోవాళ్ళు లేచి వెళ్ళిపోయినా
మర్యాదకి ఇంకాసేపు కూర్చుంటుంది."

పళ్ళ డాక్టరు సెత్సుయో ఊరుకోదు.
"కూర్చునేవాడికేం, ఎంతసేపైనా కూర్చుంటాడు!
హన్యూదా వంటింట్లోకి వచ్చాడు.
మొహం చూపించకుండా ఆ కోడలి వీపు చూపించాడు.
వీపు ఏడవడం
అంతకుముందు నేనెక్కడా చూడలేదు."

మాట మీద మాట, సాకే మీద సాకే.
ఒకరిది చాప, ఒకరిది వీపు.
ఇద్దరు అన్నదమ్ములు తండ్రి గొడుగు కోసం
మూడు నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డ దృశ్యం
ఎవరి సినిమాలోదో తేలక
ఆవాల డబ్బా బల్ల మీద దభీమని పడింది.

మూడో మనిషి కురమోచి గారు. ఎప్పుడూ నోరు విప్పడు.
చెవుడేమో అనుకునేవాళ్ళం.

ఆ రాత్రి మంచు మరీ ఎక్కువ, ఎవరూ లేవలేదు.
ఆయన చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి అన్నాడు:
"ఇద్దరికీ శబ్దం నేనే పట్టాను.

శబ్దమంటే మాటలు కాదు, అవి ఎవరైనా పడతారు.
ఎవరూ మాట్లాడనప్పుడు గది చేసే చప్పుడు.
సెట్టు మీద ఒక నిమిషం రికార్డు చేసి వినిపిస్తే
తోకుమసు తల అడ్డంగా ఊపాడు.
'ఇది అట్ట గోడల మౌనం,
తల్లి పోయిన ఇల్లు ఇలా ఉండదు.'
హన్యూదా అయితే టేపు కిటికీలోంచి విసిరేశాడు.

అప్పుడు టేపు మిషను భుజాన వేసుకుని
ఊళ్ళ మీద పడ్డాను.
'మీ ఇంట్లో ఎవరూ మాట్లాడని నిమిషం ఒకటి ఇప్పిస్తారా?'
బిచ్చం అడిగినట్టే అడిగాను.
పరీక్ష తప్పిన కుర్రాడి ఇంట్లో
అన్నం గిన్నె మూత దానంతటదే కదిలింది.
కొత్త కోడలున్న ఇంట్లో
గడియారం గొంతు సవరించుకుంది.
అలిగిన ఇంటి మౌనం బరువుగా ఉంటుంది,
సూది తల వాల్చేస్తుంది.
మీరు కళ్ళు తుడుచుకున్నవన్నీ ఆ ఇళ్ళే."

సెత్సుయో మెల్లగా అడిగింది,
"మరి ఎవరు గొప్ప?"

"నా దగ్గర ఇద్దరూ అరువు తెచ్చుకున్నారు.
నేను ఆ ఇళ్ళ దగ్గర.
ఫుకగావాలో ఒకావిడ మాత్రం ఇవ్వలేకపోయింది.
నిమిషం పూర్తి కాకుండానే
'టీ చల్లారిపోతోంది నాయనా, తాగు' అనేసింది.
పనికిరాని టేపు.
అదొక్కటే ఇంటికి తెచ్చుకున్నాను."

వాళ్ళు వెళ్ళాక మంట ఆర్పేశాను.
కుండ సర్దుకుంది. చూరు మీంచి మంచు జారింది.
తెర వెనక కుళాయి ఆగింది.
తొమ్మిదేళ్ళుగా ఈ గది చేస్తున్న చప్పుడు
మొదటిసారి విన్నాను.
సూది ఎక్కడిదాకా వాలేదో లెక్క వేస్తున్నాను.

ఇంతలో లోపల
మినెకో ఒక కప్పు బోర్లించింది,
కావాల్సిన దానికన్నా
కొంచెం గట్టిగా.