ఇరవై తొమ్మిదో పేజీ

బడి మూసేనాడు పెట్టెల బుక్కులన్నీ పంచిన
తొమ్మిదో తరగతోళ్లకు, తలా ఒకటి.
"చదివి, రెండు పేజీలు రాస్కరాండ్రి" అన్న.
ఎవరికేది ఇచ్చిన్నో సూడలే.
ఎండకు తాళంచెయ్యి గూడ కాల్తుండె.

కుర్మూర్తి తన బుక్కును
జొన్నరొట్టెల మూటల పెట్టుకొని
నారాయణపేటల బొంబాయి బస్సెక్కిండట, అమ్మానాయినలతోని.

వానలు పడ్డంక వచ్చిండు.
అట్ట మీద సిమెంటు ఏలిముద్రలు.
రెండు పేజీలు లేవు, ఐదు వరుసలే:

"ఇరవై ఎనిమిది దాంక వాచ్‌మన్ లైటు కింద చదివిన.
తర్వాతి కాయితం చెల్లె చింపి పడవ చేసింది.
క్యూరింగ్ నీళ్లల్ల కొంచెం దూరం పోయింది.
ముప్పై ఒకటి నుంచి ఆ ముసలామె కనవడ్తలేదు.
సచ్చిపోయిందా, యాడికన్న పోయిందా, సార్?"

ఎర్రపెన్ను మూత తీసిన,
మళ్ల పెట్టిన.
పదకొండేండ్లాయె ఆ పెట్టె తాళం నా జేబుల వట్టి.
ఏ ముసలామె?

"రేపు చెప్త" అన్న.
తలూపి బెంచీ మీదికి పోయిండు,
నమ్మిండు గావచ్చు.

రాత్రి కరెంటు లేదు.
ఫోను లైటు పట్టి మొదటి పేజీ తీస్తే
ఒళ్లె ఇంత సిమెంటు రాలింది.