ఒకటి నుంచి రెండుకి

అడిలైడ్‌కి ఉత్తరాన రేకుల షెడ్డు,
జనవరి ఎండ నలభై రెండు.
ఎనిమిది సిలిండర్ల పసుప్పచ్చ మొనారో కింద
లియోనీ వెల్లకిలా పడుకుని పాన్ విప్పింది.
ఎర్రనూనె మోచేతి దాకా కారింది,
కాస్త మాడు వాసన.

"గేరు మెత్తగా మారుతోందని మురిసిపోయావు.
మెత్తదనం కాదయ్యా, జారుడు.
క్లచ్చు పట్టీ పట్టనట్టు పట్టుకుని
తన్ను తానే అరగదీసుకుంది."

బ్రాంకో ఏమీ అనలేదు.
టార్చి పట్టుకున్నాడు, అదీ వంకరగా.

ప్లేటులో రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైంది.
పాత స్ప్రింగు పోయి బిరుసుది వచ్చింది.
కేకుల అచ్చు గుంటల్లో దాచిన ఉక్కు గోళీలు
ఒక్కొక్కటే తిరిగి ఇంటికెళ్ళాయి.
ఒకటి మిగిలింది.
బ్రాంకో గుండె గుభేలుమంది.

"అది మిగలాల్సిందే," అంది చేతులు తుడుచుకుంటూ,
"ఇన్నాళ్ళూ దానికి మర్యాద నేర్పింది ఇదే."

సాయంత్రం ఉప్పుమళ్ళ పక్క రోడ్డు.
ఒకటి నుంచి రెండుకి
వీపు మీద అరచేత్తో ఒక్క చరుపు!
డాష్‌బోర్డు మీది కళ్ళజోడు ఎగిరి ఒళ్ళో పడింది.

ఆపాడు. వెనక్కి తిప్పాడు.
మళ్ళీ ఒకటి నుంచి.

జేబులో గోళీ మాత్రం
ఏ చప్పుడూ చెయ్యకుండా, మర్యాదగా.