బ్యాటరీ గది తాళంచెవి

గుణదల కొండ మీద మా వీధికి పేరు లేదు.
మెట్ల లెక్కే చిరునామా.
మీటరుకి పట్టా అడిగారు,
పట్టాకి మీటరు బిల్లు అడిగారు.
చివరికి నూట అరవై మూడో మెట్టు దగ్గర
హాలు నెత్తిన పద్దెనిమిది పలకలు పరుచుకున్నాం.

బ్యాటరీలు ఎక్కించిన రోజు
సింహాచలం భుజం తోలు లేచిపోయింది.
"ఈ కొండ మీంచి శవాన్ని దించడమే తేలిక" అన్నాడు జోజి.
ఎవరూ నవ్వలేదు,
నవ్వుకి మిగిలే ఊపిరేది?

రోహిణి కార్తె.
అర్ధరాత్రి దాకా రాయి వేడి కక్కుతూనే ఉంది.
కింద ఊరంతా కరెంటు పోయి
ఏలూరు కాలవ కూడా ఆనని చీకట్లో
మా నలభై ఒక్క ఇళ్లలో ఫ్యాన్లు తిరిగాయి.
మస్తాన్‌బీ మనవడు నిద్రలో
చెమటకాయలు గోక్కోవడం మానేశాడు.
కిందనించి చూసినవాళ్లు
కొండ అంటుకుందనుకున్నారట.

గర్వపడ్డాం. పది రోజులు.

ఇంటికో ఫ్యాను, రెండు లైట్లు అనుకున్నాం.
అనుకోవడానికి కరెంటు కాలదు కదా.
బెనర్జీ ఇంట్లో కూలరు
దుప్పటి కప్పినా వినపడేది.
సింహాచలం ఇస్త్రీ పెడితే తొమ్మిదింటికే అందరికీ చీకటి,
పెట్టకపోతే అతని పొయ్యికి చీకటి.
తూకంరాయి ఎవరి దగ్గరుందో తెలీదు,
తాళంచెవి మాత్రం నా కొంగుకుంది.

ముసురు పట్టిన మూడో రోజు ఇన్వర్టర్ చచ్చిపోయింది.
"అన్ని మెట్లా? మనిషి రాడమ్మా" అంది కంపెనీ ఫోను.
ఐటీఐ సగంలో మానేసిన జోజి కూతురు
పెట్టె విప్పి, మాడిన బల్లిని పుల్లతో తీసి
ఫ్యూజు మార్చింది.
ఆ తర్వాత ఇంకో రెండు సార్లు కూడా.

నెలకి ఎనభై రూపాయలు.
ఇవ్వనివాళ్ల తీగ తెంపాలన్నారు మీటింగులో.
నాలుగు నెలలుగా ఇవ్వనిది మస్తాన్‌బీ.
ఇరవై ఆరు చేతులు లేచాయి.
అందులో నాదొకటి.
చిట్టాలో ఆ మాట రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

తెల్లారాక కటింగ్ ప్లేయరు పట్టుకునే చెయ్యి
ఒక్కటీ దొరకలేదు.

వారం తర్వాత, ఇంకా మసక వీడకముందే
హాలు గోడకి నిచ్చెన చప్పుడు.
దొంగేమోనని పరిగెత్తాను.
పైన మస్తాన్‌బీ,
పాత చీర ముక్క తడిపి
పలక పలకకీ కొండ దుమ్ము తుడుస్తోంది.
నన్ను చూసి కూడా ఆగలేదు.

ఇప్పుడు సింహాచలం మిట్టమధ్యాహ్నం ఇస్త్రీ చేస్తాడు,
ఎండ మీద ఎండ అని తిట్టుకుంటూ.
బెనర్జీ కూలరు ఇంకా వినపడుతోంది.

ఆమె పేరు ఎదుట, ఎనభై ఉండాల్సిన గడిలో
"తుడిచింది" అని రాశాను.
నెలాఖరున కూడిక దగ్గర
ఆ మాట మీద ప్రతిసారీ పెన్ను ఆగిపోతుంది.